వేలంపాటలో విశ్వకిరణాల పెట్టె

ఫిబ్రవరి ఎండలో, సెలవు పెట్టి మరీ డోన్‌కు వెళ్లిన మనిషి మా ఆఫీసు మొత్తానికి నేనొక్కదాన్నేనట. ఈ మాట మావాళ్లు నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వులో ‘పాపం పెద్దావిడ’ అన్న జాలి కూడా ఉంది. నాకు ఒళ్లు మండింది అందుకే. ఇంటికొచ్చి పది రోజులైంది. ఇప్పటికీ చేతిసంచి దులిపితే బేతంచెర్ల బండల పొడి రాలుతోంది. అటువైపు వెళ్లని వాళ్ల కోసం, ముఖ్యంగా నన్ను చూసి నవ్వినవాళ్ల కోసం, ఇది రాస్తున్నాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. ఎక్కడో నక్షత్రాలు పేలినప్పుడు ఎగిరిన పరమాణువుల తునకలు లక్షల ఏళ్లు ప్రయాణం చేసి మన మీద పడుతుంటాయి. వాటినే విశ్వకిరణాలంటారు. కిందికి వచ్చేలోగా అవి గాలిలో గుద్దుకుని ముక్కలైపోతాయి. ముక్కలు కాకముందే పట్టుకోవాలంటే బాగా పైకి వెళ్లాలి. మనం వెళ్లలేం కాబట్టి పెద్ద బెలూన్ ఎగరేసి, దాని కింద ఒక పెట్టె కడతాం. పెట్టెలో కళ్లద్దాలకు వాడే రకం ప్లాస్టిక్ పలకలు దొంతరగా పేర్చి ఉంటాయి. తునక దూసుకుపోయిన చోట పలకలో కంటికి కనిపించని గాయం మిగులుతుంది. ఆ గాయాలను చదవడమే ముప్పై ఏళ్లుగా నా ఉద్యోగం.

పని అయ్యాక పెట్టెను బెలూన్ నుంచి తెంపేస్తే, పారాచూట్ విచ్చుకుని మెల్లగా నేలకు దిగుతుంది. ఈసారి కూడా దిగింది. ఎక్కడ దిగిందో మాత్రం తెలియలేదు. దాని రేడియో డోన్‌కూ బేతంచెర్లకూ మధ్యలో ఆఖరిసారి పలికి నోరు మూసుకుంది. మా కుర్రాళ్లు రెండు రోజులు జీపులో తిరిగి, ‘దొరకలేదు’ అని రాసిచ్చేశారు. వాళ్లకు ఇంకా బోలెడు బెలూన్లున్నాయి. నేను ఆగస్టులో రిటైరవుతున్నాను. నాకు ఇదే ఆఖరిది.

పలకలకు వేడి పడదు. ఎక్కువ వేడి తగిలితే గాయాలు మానిపోయి, ఏమీ జరగనట్టు నున్నగా తయారవుతాయి. అందుకని పెట్టె అడుగున ఒక చిన్న పట్టీ అంటిస్తాం. దాని మీద నాలుగు తెల్లచుక్కలుంటాయి. వేడి పెరిగేకొద్దీ ఒక్కొక్క చుక్కా నల్లబడుతుంది, ఒకసారి నల్లబడితే మళ్లీ తెల్లబడదు. నాలుగూ నల్లబడ్డాయంటే ఆ పలకలను చెత్తబుట్టలో వేసుకోవచ్చు. పెట్టె రాయలసీమ ఎండలో పడి అప్పటికి ఆరు రోజులు. నేను రైలెక్కాను.

డోన్: ఉగ్గాని

శుక్రవారం పొద్దున ఎనిమిదికి డోన్‌లో దిగాను. ఈ జంక్షన్‌లో రైలు మారినవాళ్లు లక్షల మంది ఉంటారు, ఊళ్లోకి వెళ్లినవాళ్లు నాలాంటివాళ్లే. స్టేషన్ బయట రంగమ్మ అనే ఆవిడ బండి దగ్గర జనం మూగి ఉన్నారు. ఆకలేసి నేనూ దూరాను.

మా కాకినాడలో మరమరాలంటే సాయంత్రం పిల్లలకు పెట్టే కాలక్షేపం. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్లలో ముంచి, గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పప్పుల పొడి వేసి తాలింపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. అదే ఉగ్గాని. రెండు బజ్జీలతో ప్లేటు నలభై రూపాయలు. మొదటి బజ్జీకే నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

“యాడ్నించమ్మా?” అంది రంగమ్మ, నీళ్ల గ్లాసు అందిస్తూ.

“హైదరాబాదు నుంచి. సొంతూరు కాకినాడ.”

“అట్ల చెప్పు! మీ పక్క పప్పులో గూడా బెల్లం ఏస్తారంట గదా?”

“పులుసులో వేస్తాం, పప్పులో కాదు” అన్నాను కాస్త గట్టిగానే. ఊరికే ఓడిపోవడం నా వల్ల కాదు. చుట్టూ ఉన్న లారీ డ్రైవర్లు పకపకా నవ్వారు. నవ్వినవాళ్లు ఎలాగూ మాట్లాడతారు కదా అని, పారాచూట్ కట్టిన తెల్ల పెట్టె గురించి ఎవరైనా విన్నారా అని అడిగాను.

“ఆకాశం నించి పడిన గొడుగేనా?” అంది రంగమ్మ వెంటనే. “బేతంచెర్లలో పడ్నాది గదమ్మా, పాలిషు మిల్లు కాడ. వారం నించి ఈ బండి కాడ అదే మాట. మస్తాన్ మేస్త్రీ అని ఉంటాడు, ఆయప్పను అడుగుపో.”

మా కుర్రాళ్లు రెండు రోజుల్లో సాధించలేనిది రెండు బజ్జీల్లో తేలింది. జీపులో ఎవరూ రాలేదా అని అడిగితే, “వచ్చినారు. అద్దం గూడా దించలే” అంది. మావాళ్లు పోలీస్ స్టేషన్‌లో అడిగారు, తహసీల్దారు ఆఫీసులో అడిగారు, లారీ డ్రైవర్లు టిఫిను తినే చోట మాత్రం ఆగలేదు. నేను కూడా ఆకలి వేసింది కాబట్టే ఆగాను, ఆ మాట ఆఫీసులో ఇంకా ఒప్పుకోలేదు.

బేతంచెర్ల: తెల్లటి ఊరు

శుక్రవారం మిల్లుకు సెలవని రంగమ్మ చెప్పడంతో, డోన్‌లో పాత స్నేహితురాలి ఇంట్లో ఆ రాత్రికి ఆగి, శనివారం పొద్దున బేతంచెర్ల చేరాను. ఊరంతా తెల్లపొడి. చెట్ల ఆకుల మీద, టీ కొట్టు బెంచీ మీద, మనుషుల కనురెప్పల మీద కూడా. గనుల్లో తవ్విన సున్నపురాయిని ఇక్కడ పలకలుగా కోసి నునుపు చేస్తారు. మా కాకినాడ ఇంట్లో నేను పాకిన గచ్చు బేతంచెర్ల బండలదే. ఆ బండలు పుట్టిన ఊరు చూడటానికి అరవై ఏళ్లు పట్టింది.

మస్తాన్ మేస్త్రీకి యాభై ఏళ్లుంటాయి. పాలిషు మిల్లు వెనక బండల దొంతరల మధ్య నిలబడి ఉన్నాడు. దొంతరల మీద కప్పిన పల్చటి పాలిథిన్ చూడగానే గుర్తుపట్టాను. అది మా బెలూన్! పేలి కింద పడ్డాక దాన్ని చక్కగా కత్తిరించి, పాలిషు బండల మీద దుమ్ము పడకుండా కప్పుకున్నారు. కోపం వచ్చింది. మరుక్షణం, దానికి ఇంతకంటే మంచి ఉద్యోగం మేమూ చూపించలేం కదా అనిపించి ఊరుకున్నాను.

“పెట్టె మీదేనా మేడమ్?” అన్నాడు మస్తాన్. “పోయిన శనివారం మధ్యానం. డ్రైవరు ప్రకాశం ఆ లారీ నీడలో కుచ్చోని సద్ది తింటాండాడు. నీళ్ల కోసమని లేచి నాలుగు అడుగులు ఏసినాడు. ఢమ్మని వచ్చి సరిగ్గా ఆయప్ప కుచ్చున్న తావునే పడ్నాది. టిఫిను క్యారేజీ చూడండి.”

గోడ మేకుకు వేలాడుతున్న క్యారేజీ అప్పడంలా ఉంది. ముప్పై ఏళ్లలో మా పెట్టెలు పొలాల్లో పడ్డాయి, చెరువుల్లో పడ్డాయి. మనిషి పక్కన పడటం ఎప్పుడూ వినలేదు.

“మరి పెట్టె మీద ఫోన్ నంబర్ రాసుందిగా, చెయ్యలేదా?”

“చేయకేం? మూడు తూర్లు చేసినాడు. మోగుతాండాది, ఎత్తేవాళ్లు లేరు. సరే, దీనికి దిక్కు లేదులే అనుకున్యాము.”

ఆ నంబర్ నా బల్ల మీది ఫోనుది. సెల్‌ఫోన్ నంబర్ రాద్దామని కుర్రాళ్లు అంటే, ‘ముప్పై ఏళ్లుగా ఇదే రాస్తున్నాం’ అని వాళ్ల నోరు మూయించింది నేనే. ఫోను మోగుతున్నప్పుడు నేను మేడ మీద ఆకాశంలోకి దుర్భిణీ పెట్టి పెట్టెను వెతుకుతున్నాను.

పెట్టె ఇప్పుడెక్కడుందని అడిగాను. ప్రకాశానిది కమలాపురం దగ్గర పల్లె. ప్రాణం దక్కినందుకు ఆ పెట్టెను, పారాచూట్‌తో సహా, వాళ్ల చర్చిలో కోత పండుగకు కానుకగా ఇస్తానని మొక్కుకుని, బండల లోడు మీద పెట్టుకుని పోయాడట. “రేపే పండగ” అన్నాడు మస్తాన్. ప్రకాశం ఫోన్ స్విచ్చాఫ్ వచ్చింది.

లోడు మీద పెట్టుకుని, అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఎండలో ఉన్న ఒక బండ మీద అరచెయ్యి ఆనించి చూశాను. చురుక్కుమని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నాలుగు చుక్కలూ ఒకదాని తర్వాత ఒకటి నల్లబడటం కళ్ల ముందు కనిపించింది.

లారీలో

కడపకు బండలు వేసుకుని పోతున్న లారీ ఎక్కించాడు మస్తాన్. డ్రైవరు ఈరన్న పెద్దమనిషి, తలకు తువ్వాలు, నోట్లో ఎప్పుడూ వక్క. నా ఉద్యోగం గురించి విని చాలాసేపు ఆలోచించాడు.

“అయితే ఇన్నేండ్లూ ఆకాశం నించి పడేటియి ఏరుకుంటాండారా?”

“అంతే.”

“జీతం ఇస్తారా దానికి?”

“ఇస్తారు.”

“శానా మంచి పనమ్మా” అన్నాడు మనస్ఫూర్తిగా. నా పని గురించి విన్న పొగడ్తల్లో ఇంత సూటిది ఇంకోటి లేదు.

బనగానపల్లె దాటాక దాబా దగ్గర ఆపి రాగి సంగటి తినిపించాడు. మావైపు అన్నం ముద్దలు కలుపుతాం. ఇక్కడ ముద్దే తయారుగా వస్తుంది, మధ్యలో గుంట చేసి నాటుకోడి పులుసు పోసుకోవాలి. నేను నమలబోతే ఈరన్న ఆపాడు. “నమలగూడదమ్మా, మింగల్ల.” మింగాను. బాగుంది. ఆ తర్వాత రాత్రి దాకా ఆకలి అన్న మాటే లేదు.

తింటూ తింటూ ఈరన్న ఇంకో మాట చెప్పాడు. “కోత పండగలో కానుక పెట్టినేటియి ఊరికే ఉంచరు. గుడ్డు గానీ గుమ్మడికాయ గానీ, అన్నీ వేలం పాడతారు. ఎవురు పాడుకుంటే వాళ్లకే.”

“నా పెట్టె కూడా?”

“పెడితే పాడాల్సిందే గదా.”

మిగిలిన సంగటి అలాగే వదిలేసి లేచాను. అది చాలదన్నట్టు ప్రొద్దుటూరు పొలిమేరలో లారీ టైరు పేలింది. స్టెప్నీలో గాలి లేదు. ఈరన్న తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, చాలావరకు అర్థం కూడా కాలేదు. ఆ రాత్రి ప్రొద్దుటూరులో లాడ్జి తీసుకున్నాను. పొద్దునే కమలాపురం మొదటి బస్సు అనుకుని ఎక్కింది జమ్మలమడుగు బస్సు. ఊరి చివర కండక్టరు టికెట్ అడిగినప్పుడు గాని ఆ సంగతి తెలియలేదు. దిగి, ఆటోలో వెనక్కి వచ్చి, అసలు బస్సు పట్టుకునేసరికి తొమ్మిదిన్నర.

ఆదివారం: కోత పండుగ

పల్లెను వెతుక్కోనక్కర్లేకపోయింది. దూరం నుంచే నారింజ, తెలుపు చారల పారాచూట్ కనిపించింది. చర్చి ముందు నాలుగు వాసాలకు కట్టి షామియానా వేశారు. దాని కింద రెండు వందల మంది హాయిగా కూర్చున్నారు. పాటలు, ప్రార్థన అయిపోయి వేలం సగంలో ఉంది. ముందు పరిచిన చాపల మీద శనగ మోపులు, గుమ్మడికాయలు, కోళ్లు, నిమ్మకాయలు, ఒక మేకపిల్ల. వాటన్నిటి మధ్య, సగం చెరుకుగడల కింద కప్పబడిపోయి, నా పెట్టె.

పాస్టర్‌గారు ఒక గుడ్డు పట్టుకుని పాడిస్తున్నారు. అది ఐదు వందలకు పోయింది. పాడుకున్నాయన దాన్ని తిరిగి కానుకగా ఇచ్చాడు. మళ్లీ పాట మొదలైంది. మా ఊళ్లో దేవుడికి ఒకసారి ఇస్తే ఇచ్చినట్టే. ఇక్కడ ఒక్క గుడ్డును ముగ్గురు ఇచ్చారు.

నేను గుర్తింపు కార్డు బయటికి తీశాను. ప్రభుత్వ సొత్తు, వేలం ఆపండి అని గట్టిగా చెప్పి పెట్టె తీసుకుపోదామని రెండడుగులు వేశాను. ఒక నడివయసు మనిషి అడ్డం వచ్చాడు. ప్రకాశం. లారీ పోగానే మస్తాన్ ఎవరి ఫోనుకో చేసి కబురు చెప్పాడట.

“మేడమ్మా, పెట్టె మీదే. నేను కాదంటంలే” అన్నాడు గొంతు తగ్గించి. “ఒక్క మాట ఇనండి. ఈ ఏడు మా శనగ చేను నిలువునా ఎండిపాయ. మా అమ్మ పెండ్లయి వచ్చినప్పటి నించి ఒక్క ఏడు గూడా ఉత్త చేతులతో ఈడికి రాలే. నా ప్రాణానికి బదులు దేవుడిచ్చినాడని ఆ పెట్టె పెట్టింది. అది నీది గాదు అని పదిమందిలో చెప్తే, మా అమ్మ ఈ ఏడు దేవునికి ఏమీ ఇయ్యనట్ల అయితాది.”

చాపల పక్కన కూర్చున్న ఆమెను చూపించాడు. మార్తమ్మ. బక్కపల్చని మనిషి, ఉతికిన తెల్లచీర, నా పెట్టె వైపే చూస్తోంది. ఆ మొహంలో గర్వం చూశాక నోరెలా వస్తుంది? కార్డు సంచిలో పెట్టేశాను. తన కొడుకు క్షేమంగా ఉన్నాడని ఆమె ఇచ్చుకున్న కానుకను, దాదాపు ఆ కొడుకును చంపబోయిన మనిషిని నేను వచ్చి లాక్కోవడమా? పాడి తెచ్చుకోవడమే మర్యాద. అందులోని పలకలు బతికున్నాయో లేదో తెలియదు. చూద్దామంటే పట్టీ అడుగున ఉంది, పాట ముగియకుండా కానుకను ముట్టకూడదట.

పెట్టె వంతు వచ్చింది. ఐదు వందలన్నాను. వెనక నుంచి ఎవరో వెయ్యి అన్నారు. తిరిగి చూస్తే తెల్ల చొక్కాలో ఒక భారీ మనిషి. చేపల అంగడి ఏసన్న అని ప్రకాశం చెప్పాడు. “థర్మాకోల్ మందంగా ఉండాది. ఐసు రెండు దినాలు నిలుస్తాది” అని ఏసన్న అందరికీ వివరిస్తున్నాడు. నక్షత్రాల తునకల కోసం చేసిన పెట్టెలో కొరమీనులు! నాకు పౌరుషం వచ్చింది. రెండు వేలన్నాను. మూడన్నాడు. నాలుగన్నాను. ఐదన్నాడు, నవ్వుతూ. నా పర్సు అక్కడితో సరి. ఫోన్‌లో పంపుదామంటే సిగ్నల్ లేదు.

అంతకుముందే ఒక ముసలాయన గుమ్మడికాయను డబ్బు లేకుండా, ‘రెండు దినాలు కంచె కడతా’ అని పాడుకోవడం చూశాను. చేతిలో లేనివాళ్లు పని పాడవచ్చట, అది వాళ్ల పాత ఆచారం. చర్చి గోడ వైపు చూశాను. వానకు సున్నం పెచ్చులూడి ఉంది.

“నాలుగు వేలు, ఈ గోడకు సున్నం కొట్టడం” అన్నాను.

షామియానా ఎగిరిపోయేంత నవ్వు లేచింది.

“మీకు సున్నం కొట్టేది వచ్చునా మేడమ్?” అన్నారు పాస్టర్‌గారు.

“రాదు. ఆగస్టు నుంచి ఖాళీ. నేర్చుకుంటాను.”

అందరూ ఏసన్న వైపు తిరిగారు. ఆయన చేతులు పైకెత్తాడు. “గోడతో యాడ పోటీ పడేదప్పా? ఇచ్చేయండి ఆయమ్మకు.”

మార్తమ్మ ఇల్లు

ప్రకాశం, నేను పెట్టెను చెరొక పక్క పట్టుకుని వాళ్లింటికి తెచ్చాం. మార్తమ్మ మా వెనకే వచ్చి, ఇంతకీ ఇందులో ఏముందమ్మా అని అడిగింది. నక్షత్రాల తునకల గురించి చెప్పాను. అవి ఇప్పుడు కూడా పడుతున్నాయని, మన చేతుల్లోంచి, తలల్లోంచి దూసుకుపోతూనే ఉంటాయని, ఎవరికీ ఏమీ కాదని చెప్పాను. ఆమె అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత కొడుకును చూసింది.

“ఈని మీద గూడా దినామూ పడతాండాయా?”

“పడుతూనే ఉంటాయి.”

“అయినా ఏం గాలేదు?”

“ఏమీ కాదు.”

“వాయబ్బా” అంది మార్తమ్మ నిజంగా కంగారు పడి. “అయితే దినామూ ఇయ్యాల్నా నేను?”

ప్రకాశం నవ్వి నవ్వి గడప మీద కూర్చున్నాడు. నేనూ నవ్వాను గాని, మనసంతా పెట్టె అడుగునే ఉంది. ఈ వారం దీన్ని ఎక్కడ పెట్టారని అడిగాను. లారీలో బండల సందున, వరిగడ్డి కప్పి తెచ్చానన్నాడు ప్రకాశం. ఇంటికొచ్చాక? మార్తమ్మ వంటింటి మూల చూపించింది. అక్కడ ఇసుక పోసి, దాని మీద నీళ్లకుండలు పెట్టుకున్నారు. కుండల మధ్యన పెట్టెంత చోటు ఖాళీగా ఉంది, పక్కనే మడిచిన తడి గోనెపట్టా.

“కానుక పెట్టేది ఏదైనా పండగ దాంకా ఈడనేనమ్మా ఉంచేది. ఆకుకూర గానీ, కాయ గానీ. దేవునికి ఇచ్చేది వాడిపోగూడదు.”

“ఇది ఆకుకూర కాదు కదమ్మా?”

“నాకేం తెలుసు? కానుక కానుకే గదా.”

ఆ ఊళ్లో కొళాయి రెండు రోజులకొకసారి వస్తుంది. పెట్టెను మెల్లగా పక్కకు ఒరగేయమన్నాను. ప్రకాశం పట్టుకున్నాడు. నేను కళ్లద్దాలు సర్దుకుని, నేల మీద బోర్లా పడుకుని, పట్టీ మీది మట్టి చీరకొంగుతో తుడిచాను. ఒక చుక్క తెల్లగా ఉంది. రెండోది తెలుపు. మూడు. నాలుగు. ఒక్కటి, ఒక్కటి కూడా నల్లబడలేదు.

లేచి కూర్చున్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎవరి ముందూ ఏడవలేదు. ఆ వంటింట్లో ఏడ్చాను.

మార్తమ్మ బెదిరిపోయింది. “ఏమాయమ్మా? చెడిపాయనా?”

“లేదమ్మా. వాడిపోలేదు.”

“ఎట్ల వాడిపోతాది?” అంది మార్తమ్మ, తన కొంగుతో నా మొహం తుడుస్తూ. “దినానికి మూడు తూర్లు తడిపినా.”